రాజం తెర మీద కట్టిన కంచె

కంప్యూటర్ గదిలో ఫోను మోగిందంటే అది కొలిపాక రాజం కోసమే. గోదావరిఖని బొగ్గు గనుల జీఎం ఆఫీసులో ఆ గది పెట్టిన నాటి నుంచీ అదే లెక్క. ఫోను ఎవరు ఎత్తినా, అవతలి గొంతు పూర్తిగా వినకముందే "రాజమన్నా, నీకే" అని చెయ్యి చాపేవారు. అటువైపు ఏదో ఒక గని టైం ఆఫీసులో ఆపరేటరు చెమటలు కక్కుతూ ఉండేవాడు.

"రాజమన్నా, వీఐ లోపటికి పోయిన. బయటికొస్తలేదు."

"ఏం నొక్కినవ్?"

"అన్నీ నొక్కిన."

"అన్నీ నొక్కితె ఎట్లొస్తవ్ బిడ్డా? ముందుగాల చేతులు తియ్. ఎస్కేప్ నొక్కు. ఇంకోసారి నొక్కు. ఇప్పుడు రెండు చుక్కలు, క్యూ, ఆశ్చర్యార్థకం. ఎంటర్ కొట్టు. వచ్చినవా పైకి?"

"వచ్చిన అన్న! నీ కడుపు సల్లగుండ."

ఫోను పెట్టేసి రాజం గదిని ఒకసారి కలయజూసేవాడు. ఎవరూ చూడకపోతే గట్టిగా దగ్గేవాడు.

వీఐ అంటే కంప్యూటరులో రాతలు దిద్దే పనిముట్టు. ఏ వేళకు ఏ పని చెయ్యాలో సర్వరుకు చెప్పే ఫైళ్లను దానితోనే తెరిచి, దిద్ది, మూస్తారు. దానికి మౌసుతో పనిలేదు, బొమ్మలతో పనిలేదు. అయితే తెరవగానే టైపు కొట్టబోతే ఒక్క అక్షరమూ మాట వినదు. ముందు ఒక మీట నొక్కి రాత మొదలుపెడుతున్నానని చెప్పాలి, అయిపోయాక ఇంకో మీట నొక్కి ఆపానని చెప్పాలి. కొత్తవాడికి అందులోకి దిగడం సులువు, బయటపడడమే కష్టం. రాజానికి మాత్రం అది తన వాకిలి. కళ్లు మూసుకుని నడిచేవాడు.

ఆ విద్య ఆయనకు ఊరికే రాలేదు. ఆయన చదివింది సుందిళ్ల బడిలో. ఇంగ్లీషు పంతులు ఏడాదిలో సగం రోజులు వచ్చేవాడు కాదు, అయినా రాజం పదో తరగతి మొదటి దెబ్బకే పాసయ్యాడు. బదిలీ ఫిల్లరుగా, అంటే డ్యూటీకి రానివాళ్ల బదులు పనిచేసేవాడిగా, గనిలో దిగి తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపాడు. పక్కవాళ్లు నింపిన దానికంటే ఎప్పుడూ ఒక టబ్బు ఎక్కువే నింపాడు. పాదం మీద బండ పడి నలిగితే డాక్టర్లు పైపనికి రాశారు. టైం ఆఫీసులో హాజరు మస్టర్లు రాసే గుమాస్తా అయ్యాడు. ఆ రాత చూసి అచ్చు వేయించిందా అని ఆఫీసర్లు అడిగేవారు.

తర్వాత కంప్యూటరు వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లే కాలం అది. సత్తిబాబు అని, తాడేపల్లిగూడెం నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆఫీసరు ముగ్గురు గుమాస్తాలను కూర్చోబెట్టి వీఐ నేర్పడం మొదలుపెట్టాడు. ఇద్దరు వారం తిరక్కుండానే తలనొప్పి అని సెలవు పెట్టారు. రాజం మిగిలాడు. ఆ పాత యంత్రం మీద బాణం గుర్తుల మీటలు పనిచేసేవి కావు. అక్షరాల మీటలతోనే పైకీ కిందికీ నడవాలి. ఇంటికి వచ్చి అన్నం పళ్లెం అంచు మీద కూడా వేళ్లు ఆడిస్తుంటే భార్య అనసూర్య దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పోసింది.

ఇంకా చెప్పాలంటే, ఆయన చేసిన ఘనకార్యాలు ఒక్కటి కాదు. వానాకాలంలో గోదావరి అవతలి శ్రీరాంపూర్ గనుల లైను నీరసపడి ఒక్కో అక్షరం ఒక్కో నిట్టూర్పుతో వచ్చేది. అప్పుడు మిగతావాళ్లు కుర్చీలు వెనక్కి జరిపి చాయ్‌కి పోతే, రాజం ఒక్కడే వీఐలో కూర్చుని మస్టర్ల ఫైలు దిద్ది లేచేవాడు. జనవరి ఇరవై ఆరున గ్రౌండులో అందరి ముందూ ఉత్తమ ఉద్యోగి అని శాలువా కప్పారు. జీఎం చెయ్యి కలిపిన ఫోటో ఇంట్లో టీవీ మీద ఉంది. వచ్చినవాళ్లు దాన్ని చూడకపోతే, టీవీ సౌండు తగ్గించే నెపంతో రాజం లేచి వెళ్లి దాన్ని కాస్త సర్దేవాడు.

ఇన్ని ఉన్నా ఒక్కటి లేదు. అందరూ ఆయన్ని అన్న అన్నారు, కాక అన్నారు, బావ అన్నారు. ఒక్కడు కూడా సార్ అనలేదు. ట్రైనింగ్ సెంటర్లో కొత్త కార్మికులకు పాఠం చెప్పే పెద్ద హాలు ఉంది. నల్లబోర్డు, బెంచీలు, తిరిగే ఫ్యాన్లు. రిటైర్ అయ్యేలోగా ఒక్కసారి ఆ బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడాలి, సుందిళ్ల బడి పిల్లవాణ్ణి నలుగురూ సార్ అని పిలవాలి. ఈ కోరిక ఆయన ఎవరికీ చెప్పలేదు. అనసూర్యకు చెప్పకుండానే తెలుసు.

తెలంగాణ కోసం సమ్మె జరిగిన ఏడాది ఎండాకాలంలో ఆ గదికి ప్రసూన వచ్చింది. ఇంజనీరింగు చదివిన పిల్ల. వాళ్ల నాన్న భీమవరం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి గనిలో చేరినవాడు. మొదటిరోజే ఆ పిల్ల రాజం బల్ల దగ్గరికి వచ్చి, "కాకా, నీ గురించి శానా ఇన్న" అంది.

రాజం తెర మీది నుంచి కళ్లు ఎత్తలేదు. "నేను నీకెప్పటి కాకను?" అన్నాడు.

ప్రసూన ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచి "రాజం గారూ" అనడం మొదలుపెట్టింది. అది వినడానికి మర్యాదగానే ఉండేది కానీ, తలుపు మూసి గొళ్లెం పెట్టినట్టు ఉండేది.

ఆ పిల్ల చేసిన మొదటి పని నానో తేవడం. అదీ రాతలు దిద్దే పనిముట్టే, కొత్త సర్వర్లలో అప్పటికే ఉన్నదే, ఎవరూ ముట్టుకోలేదంతే. అందులో తెరవగానే టైపు కొట్టొచ్చు. ఏ మీట నొక్కితే దాచుకుంటుందో, ఏది నొక్కితే బయటపడతామో తెర అడుగున రెండు వరుసల్లో రాసే ఉంటుంది. ప్రసూన దాన్ని గోదావరి అవతలి నస్పూర్ వైపు ఆపరేటర్లకు చూపించింది. వాళ్లు పక్క గనులవాళ్లకు చెప్పారు.

ఫోను మోగడం తగ్గింది.

మొదట్లో రాజం పట్టించుకోలేదు. తర్వాత ఒకరోజు లేచి వెళ్లి రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. గుయ్యిమంటోంది. లైను బాగానే ఉంది. వైరు ఊడిందేమోనని వంగి చూశాడు. బాగానే ఉంది. పక్కబల్ల దగ్గర కూర్చునే వీరేందర్ ఇదంతా చూసి, "ఎవలకన్న చెయ్యాలెనా అన్న?" అని అడిగాడు.

"లేదు. దుమ్ము తుడుస్తున్న."

వీరేందర్‌కు వీఐ నేర్పింది రాజమే. ఇప్పుడు వాడి తెర అడుగున ఆ రెండు వరుసలు కనబడ్డాయి. రాజం కడుపులో ఎవరో మిరపకాయ నూరినట్టయింది.

"నువ్వు గూడనా?"

"జల్ది అయితది గదన్న. అడుగునే రాసుంటది."

"అన్నం గూడ ఎవలన్న కలిపి పెడ్తె జల్దే తినొచ్చు."

ఇంట్లోనూ అదే గోల. అనసూర్య రొట్టెలు కాలుస్తూ వినేది. ఆ పిల్ల నవ్వితే తప్పు. ఆ పిల్ల టిఫిన్ డబ్బా తప్పు. సత్తిబాబు ఆ పిల్లను పిలిచి ఏదో అడిగాడంటే ఆ రోజు కూరలో ఉప్పు సరిపోదు.

"ఒక్కమాట అడుగుత," అంది అనసూర్య. "నేను పెండ్లయి వచ్చినంక నా మీద ఎన్నడన్న గింత కుళ్లుకున్నవా? ఎవలన్న నన్ను చూసినా, పలకరించినా నీకు సోయే లేకపాయె. గిప్పుడు గా మిషిన్ల బొత్తాలకు కుళ్లుకుంటున్నవ్."

"బొత్తాలు గావు. ఎడిటర్."

"ఏదో ఒకటి. దాని మీదున్న ప్రేమ నా మీద లేకపాయె."

అంతలో సమ్మె వచ్చింది. గనులు ఆగాయి, సైరన్లు ఆగాయి, ఊరంతా చౌరస్తాలోనే ఉంది. తెలంగాణ కావాలని రాజం కూడా టెంటులో కూర్చున్నాడు, నినాదాలు ఇచ్చాడు. ఆయన గొంతు మైకు లేకుండా బస్టాండు దాకా వినబడిందని చెప్పుకున్నారు. సమ్మె విరమించి పనిలోకి వచ్చిన రోజు ఆ వేడి ఇంకా ఒంట్లోనే ఉంది. గదిలో అందరూ ఉండగా, "మన రాజ్యం మనకు రావాలె. గిక్కడ మాత్రం ఆంధ్రోళ్ల ఎడిటర్ నడుస్తున్నది. నానో ఆంధ్రోళ్లది, వీఐ మనది," అనేశాడు.

వీరేందర్ పకపకా నవ్వబోయి ఆగిపోయాడు. ప్రసూన కుర్చీ తిప్పి కూర్చుంది.

"రాజం గారూ, మా నాన్న పదకొండో ఇంక్లైన్ గనిల టబ్బులు నెట్టిండు. నేను గీ ఏరియా దవాఖానల్నే పుట్టిన. సమ్మెల మా అమ్మ గూడ మీ టెంటు ఎనుకనే కూసున్నది. మీరు చూడలే."

రాజం ఏదో అనబోయేసరికి గుమ్మంలోంచి దగ్గు వినబడింది. సత్తిబాబు. ఇప్పుడు ఆయన ఆ విభాగానికి పెద్ద.

"ఏవయ్యా రాజం, నీకు వీఐ నేర్పిందెవరు?"

"మీరే సార్."

"మా ఊరేది?"

"తాడేపల్లిగూడెం సార్," అన్నాడు రాజం నేల చూస్తూ. ఈసారి వీరేందర్ నవ్వు ఆపుకోలేదు. సత్తిబాబు కూడా నవ్వాడు. ప్రసూన మాత్రం నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే రాజానికి ఎక్కువ మండింది.

సత్తిబాబు వచ్చిన పని వేరే. అన్ని గనుల ఆపరేటర్లకూ ఒకే ఎడిటర్ ఖాయం చెయ్యాలి. ఒకరు అది, ఒకరు ఇది వాడితే రేపు ఏ గనిలో ఏం పాడైనా సరిచేసేవాడికి చేతులు ఆడవు. ఖాయమైన ఎడిటర్‌ను ట్రైనింగ్ సెంటర్లో అందరికీ నేర్పాలి. "ఎవరి ఎడిటర్ నిలిస్తే వాళ్లే క్లాసు చెబుతారు," అన్నాడు.

రాజానికి నల్లబోర్డు కళ్ల ముందుకొచ్చింది.

పరీక్ష ఇదీ. ఏ గని నుంచి హాజరు వివరాలు ఏ వేళకు తెచ్చుకోవాలో సర్వరుకు చెప్పే ఫైలు ఒకటుంది. దాన్ని కొత్తగా రాయాలి. గోదావరి ఇవతలి గనుల వరసలు రాజం వీఐతో రాయాలి, అవతలి శ్రీరాంపూర్ వైపువి ప్రసూన నానోతో రాయాలి. ఫైలు ఒక్కటే. మర్నాటి పొద్దుటి షిఫ్టుకు అది నడవాలి. ఎవరి పని సాఫీగా నడిస్తే వాళ్ల ఎడిటర్.

ఇక్కడ రాజం అలవాటు ఒకటి చెప్పాలి. గనిలో కప్పు బాగాలేని చోట దారికి అడ్డంగా కంచె కొడతారు. కొట్టినవాడు వచ్చి తీస్తే తప్ప అవతలికి ఎవరూ అడుగు వెయ్యరు. ఎంత తొందర ఉన్నా, ఎంత పెద్ద ఆఫీసరైనా అంతే. వీఐలో కూడా అలాంటిది ఉంది. ఒకరు ఫైలు తెరిచి ఉండగా ఇంకొకరు వీఐతో దాన్నే తెరవబోతే, లోపల ఇంకెవరో ఉన్నట్టున్నారు అని తెర హెచ్చరిస్తుంది. రాజం దాన్ని కంచె అనేవాడు. ముఖ్యమైన ఫైలు ఏదైనా పొద్దున్నే తెరిచి పెట్టి, చాయ్‌కి పోయి, యూనియన్ ఆఫీసుకు పోయి, మధ్యాహ్నం తీరిగ్గా వచ్చి రాసేవాడు. ఆ లోపల ఆపరేటర్లెవరైనా వస్తే హెచ్చరిక చూసి, "రాజమన్న కంచె కొట్టిండు" అని వెనక్కి పోయేవారు. ఆయన్ని అడగనిదే ఆ ఫైలు ముట్టుకునేవారు కాదు. ఆ విధంగా ఊళ్లోని సగం ఫైళ్లకు ఆయనే కావలి.

ఆ రోజు కూడా అందరికంటే ముందు వచ్చి ఫైలు తెరిచాడు. ఒక్క అక్షరం కూడా రాయకుండా లేచి పోయాడు. ఉండనీ, ఆ పిల్ల వచ్చి కంచె చూసి, "రాజం గారూ, తియ్యరా" అని అడగాలి. అడిగించుకోవాలనే ఆయన ఉబలాటం.

కానీ నానోకు ఆ కంచె కనబడదు. ప్రసూన వచ్చింది, నానోతో ఫైలు తెరిచింది, శ్రీరాంపూర్ వైపు గనులన్నీ వరసగా రాసింది, దాచింది, అన్నానికి వెళ్లింది.

రాజం తిరిగి వచ్చేసరికి ప్రసూన కుర్చీ ఖాళీగా ఉంది. తనను ఎవరూ అడగలేదు. సరే అని తన వరసలు రాశాడు. ఒక్క తప్పు లేదు, చుక్క తేడా లేదు. దాచబోయాడు. అప్పుడు వీఐ అడిగింది: నువ్వు తెరిచిన తర్వాత ఈ ఫైలు మారింది, అయినా దీని మీద నీది రాసెయ్యాలా? అవునంటే వై, కాదంటే ఎన్.

రాజానికి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఆ పిల్ల వచ్చి పోయింది. తన కంచె దాటి, తనను అడగకుండా, తన ఫైలులో తిరిగి వెళ్లింది. ఇన్నేళ్లలో ఎవరూ దాటలేదు. కళ్ల ముందు ఆ తెర అడుగు రెండు వరుసలు కదిలాయి.

వై నొక్కాడు.

ఎంత తేలిగ్గా అయిపోయిందంటే, తర్వాత చాలాసేపు ఆ వేలినే చూసుకున్నాడు.

మర్నాడు ఫోను మోగింది. పెట్టేలోగా మళ్లీ మోగింది. శ్రీరాంపూర్ నుంచి, నస్పూర్ నుంచి, వరసపెట్టి. అవతలి గనుల హాజరు ఒక్కటీ సర్వరుకు రాలేదు. పొద్దుటి షిఫ్టుకు దిగినవాళ్లందరూ దిగనట్టే లెక్క తేలింది. "రాజమన్నా, జర చూడరాదే!" అని అందరూ ఆయన్నే అడిగారు. రాజం రిసీవరు మెడకీ భుజానికీ మధ్య నొక్కిపట్టి మాట్లాడుతుంటే, పాత రోజులు తిరిగొచ్చినట్టే ఉంది.

సత్తిబాబు ఫైలు తెరిపించాడు. రాజం వరసలన్నీ ఉన్నాయి. ప్రసూన వరస ఒక్కటీ లేదు.

"సేవ్ చేశావామ్మా?"

"చేసిన సార్."

"మరేవయ్యాయి?"

"నానో గట్లనే ముంచుతది సార్," అన్నాడు రాజం. "అడుగున రాసుంటే చాలా, లోపట పడాలె గద."

ప్రసూన తెర మీద ఏదో కొట్టి, ఆ ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చూసింది. తర్వాత తల తిప్పి రాజాన్ని చూసింది. రాజం ఫోను వైరు చుట్టలు విప్పుతూ ఉన్నాడు. ఆ పిల్ల ఏమీ అనకుండా వరసలన్నీ మళ్లీ కొట్టింది. పొద్దుటి షిఫ్టు హాజరు తెచ్చుకునే వేళ మాత్రం అప్పటికే దాటిపోయింది.

"సోమవారం నుంచి ట్రైనింగ్ సెంటర్లో వీఐ క్లాసు. రాజం, నువ్వే," అన్నాడు సత్తిబాబు.

ఆ సాయంత్రం రాజం చౌరస్తాలో జిలేబీ కట్టించుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లాడు. గుమ్మం ముందు బామ్మర్ది ఎల్లన్న చెప్పులు ఉన్నాయి. ఎల్లన్న అనసూర్య తమ్ముడు. శ్రీరాంపూర్ గనిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు పెట్టే పని, నస్పూర్ కాలనీలో క్వార్టరు.

"రా బావా," అన్నాడు ఎల్లన్న లోపలి నుంచి. "నిన్నటి దాంక నాకు పెండ్లం ఉండె. గిప్పుడు లేదు."

"ఏమైందిర?"

"ఇయ్యాల బస్సు ఆల్సెమైంది. యమున ఫికర్ వడి టైం ఆఫీసుకు వోయి అడిగింది. ఆడ కొత్తగొచ్చిన ఆపరేటరు మిషిన్ల చూసి, ఎల్లన్న ఇయ్యాల దిగనే లేదమ్మా అన్నడు. ఇంకేమున్నది! పొద్దుగాల టిఫిన్ గట్టించుకొని డ్యూటీకని పోయినోడు దిగకుంటె ఎటు వోయినట్టు? ఇంటికి వోయేసరికి తలుపు మధ్యల నిలవడ్డది. ఎవలింట్ల తిన్నవ్, టిఫిన్ ఎవలికి వెట్టినవ్ అని ఒకటే గొడవ. మొఖం మీద బొగ్గు చూపెట్టిన. అది గూడ ఆడనే పూసుకున్నవా అంటది!"

అనసూర్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. రాజం కూడా నవ్వాడు. జిలేబీ పొట్లం విప్పాడు. ఎల్లన్న ఒక చుట్ట తీసుకుని నోటిదాకా తెచ్చి ఆపాడు.

"నవ్వులకు అన్న గని బావా, ఒక్కటి ఆలోచించిన. ఇయ్యాల లోపట కప్పు కూలి, నేను దాని కింద వడుంటె? పైన లెక్క చూసి, వాడు దిగనే లేదు అందురు. దేవులాడెటోడు గూడ ఉండకపోవు."

రాజం చేతిలో జిలేబీ చేతిలోనే ఉండిపోయింది. తన పాదం మీద బండ పడిన రోజు ఆయనకు గుర్తొచ్చింది. ఆ చీకట్లో పడి ఉండి ఆయన నమ్ముకున్నది ఒక్కదాన్నే. రాజం లోపల ఉన్నాడని పైన ఎవరో రాసుకుని ఉంటారు. పేలుడు పెట్టే ముందు షాట్‌ఫైరరు కేక వేస్తాడు, ఎవరన్నా ఉన్నారా అని. జవాబు వస్తే ఆగుతాడు. వీఐ కూడా నిన్న కేక వేసింది. లోపల ఇంకొకరి రాత ఉందని జవాబు కూడా వచ్చింది. ఆగనిది తను.

"తినవేంది?" అంది అనసూర్య.

"పన్ను నొస్తుంది," అన్నాడు.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ట్రైనింగ్ సెంటర్‌కు వెళ్లాడు. బోర్డు ఉంది. సుద్దముక్క ఉంది. అన్ని గనుల ఆపరేటర్లూ బెంచీల మీద కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నారు. మొదటి బెంచీలో ప్రసూన. వెనకబెంచీలో సత్తిబాబు కాలుమీద కాలేసుకుని ఉన్నాడు.

"మొదట తెరువుండ్రి," అన్నాడు రాజం.

ప్రసూన వేళ్లు కదిలాయి. ఆ పిల్ల వీఐ తెరిచి, నాలుగు వరసలు కొట్టి, రెండు కోసి, ఒకటి అతికించి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. బాణం మీటల జోలికి పోనే లేదు. రాజం సుద్దముక్క గట్టిగా పట్టుకున్నాడు. ఈ పిల్లకు వీఐ వచ్చు. వచ్చుడు కాదు, తనకంటే జోరుగా వచ్చు. ఇన్నాళ్లూ ఒక్కమాట అనలేదు. ఇంతకుముందు పడిన అసూయంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

అయినా పాఠం బాగా సాగింది. బయటపడడం చెప్పాడు, వెతకడం చెప్పాడు. "సార్, ఇంకోసారి చెప్పుండ్రి" అన్నాడొకడు. రాజం విననట్టు నటించాడు, వాడు మళ్లీ అనాలని. "సార్!" అన్నాడు వాడు. ఆ మాట నెత్తిన చల్లటి నీళ్లు పోసినట్టు ఒళ్లంతా దిగింది.

చివరికి కంచె దగ్గరికి వచ్చాడు. హెచ్చరిక ఎలా వస్తుందో చూపించాడు. ప్రసూన చెయ్యి ఎత్తింది.

"సార్, కంచె కనవడక ఎవలన్న లోపటికొచ్చి పనిచేసి పోయిండ్రనుకోండి. దాచేటప్పుడు వీఐ అడుగుతది గద, మీదికెల్లి రాయాల్నా అని. అప్పుడేం నొక్కాలె?"

ఆ నోటి నుంచి సార్ అన్న మాట రావడం అదే మొదలు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా అడుగుతున్నట్టే ఉంది.

"ఎన్," అన్నాడు రాజం. "ఎన్ నొక్కాలె. ఆగి చూడాలె."

"సరే సార్," అంది ప్రసూన, చెయ్యి దించి.

అక్కడితో అయిపోయేది. రాజం బోర్డు తుడవడానికి కూడా తిరిగాడు. కానీ వెనక నుంచి వీరేందర్ అమాయకంగా అడిగాడు: "వై నొక్కితె ఏమైతది సార్?"

"శ్రీరాంపూరంత నాగా పడ్తది."

హాలంతా నవ్వింది. నవ్వుల్లో శ్రీరాంపూర్ ఆపరేటరు సదయ్య ముందుగా నవ్వు ఆపాడు. వాడు ముఖం చిట్లించి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు రాజం వైపు చూశాడు. ఒక్కొక్కరుగా మిగతావాళ్లూ ఆగారు.

రాజం బోర్డు వైపే తిరిగి ఉన్నాడు. "గా దినం వై నొక్కింది నేనే," అన్నాడు. "నానో ముంచలే. ఆ పిల్ల సక్కగనే రాసింది. లోపట మనిషున్నరని అది నాకు చెప్పింది. చెప్పినా నొక్కిన."

దూరాన ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పేలి, కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

"గదేంది రాజమన్నా," అన్నాడు సదయ్య మెల్లగా. "మా ఓళ్లందరు ఆ దినం లోపట్నే ఉన్నరు గదనే."

ఒక్క మాటలో ఆయన మళ్లీ అన్న అయిపోయాడు. సుద్దముక్క బోర్డు అంచు మీద పెట్టాడు. వేళ్లకు అంటిన తెల్లపొడి తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

సత్తిబాబు ఎక్కువ మాట్లాడలేదు. "రెండూ ఉంటాయి. చేతికి ఏది వీలైతే అది వాడుకోండి. ఎవడు ఏ ఫైలు తెరిచినా గదిలో బోర్డు మీద పేరు రాయాలి, మూసేటప్పుడు చెరపాలి. మిగతా క్లాసులు ప్రసూన చెబుతుంది," అని లేచిపోయాడు.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి చెప్పుల చప్పుడు వచ్చింది.

"కాకా, చాయ్ తాగుదమా?"

రాజం ఆగాడు. నేను నీకెప్పటి కాకను అనడానికి ఈసారి నోరు రాలేదు. క్యాంటీనులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రాజం గ్లాసులో ఊదుకున్నాడు.

"నీకు ఎరికే. గా దినమే ఎరికే," అన్నాడు చివరికి.

"ఫైలు మారిన టైం చూసిన."

"సత్తిబాబు సార్‌కు ఎందుకు చెప్పలే?"

"నేను చెప్తె నీ మీద కుళ్లుకొని చెప్పిందందురు." ప్రసూన గ్లాసు కింద పెట్టింది. "కుళ్లు నాకు గూడ ఉండె కాకా. నేను వచ్చిన కొత్తల ఫోన్లన్ని నీకే వస్తుండె."

రాజానికి ఒంట్లో ఎక్కడో కాస్త చల్లబడింది. అయినా అడక్కుండా ఉండలేకపోయాడు.

"వీఐ ఏడ నేర్చినవ్?"

"కాలేజీల."

"నాకంటె జోరుగ కొడ్తవా?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

ప్రసూన నవ్వింది. రాజానికి మళ్లీ మిరపకాయ.

ఇద్దరూ కంప్యూటర్ గదికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. రాజం చెయ్యి తనంతట తానే ముందుకు వెళ్లింది. వీరేందర్ అప్పటికే రిసీవరు ఎత్తాడు. అవతలివాడి మాట విని, రాజాన్ని చూసి కాస్త తటపటాయించి, "ప్రసూనక్కా, నీకే," అన్నాడు.

రాజం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గట్టిగా దగ్గి, తన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పిల్ల రిసీవరు చెవికి పెట్టుకుని హలో అనేలోగా, ఇటు తిరగకుండానే అన్నాడు:

"ఏం నొక్కిండో ముందుగాల అడుగు. చేతులు తియ్యిమను."